కొబ్బరి వేయని కూర

మా ఊరి బడి ఎదుట, మూడు దారులు కలిసే చోట, మొన్న మొన్నటి దాకా ఒక సిమెంటు విగ్రహం ఉండేది. భుజాన కండువా, చేతిలో కర్ర, కాళ్ళకు చెప్పులు. ఏడాదికొకసారి వెండిరంగు పూసేవారు. పలాస నుంచి వచ్చే ఆటోవాళ్ళు మా ఊరి పేరు చెప్పరు. "విగ్రహం కాడ దిగీవోలు దిగండి" అంటారు. ఆ విగ్రహం పెద్దాయన మా తోటికోడలికి తాత, వాళ్ళ నాన్నను కన్న తండ్రి. నాకు ఏమీ కాడు. ముప్పై ఏళ్ళకు పైగా నన్ను తినేసింది ఆ ఏమీ కాకపోవడమే.

నేను ఈ ఇంటికి చిన్నకోడలిగా వచ్చాను. మా కన్నవారి ఊరు ఇక్కడికి రెండు కోసుల దూరం. తోటికోడలిది ఇదే ఊరు, నాకన్నా ఐదేళ్ళు పెద్ద. అప్ప అని పిలుస్తాను. నేను వచ్చిన రోజున మా అత్త నన్ను ముందు అమ్మవారి గుడికి తీసుకెళ్ళింది, తిరిగి వస్తూ విగ్రహం దగ్గర ఆపింది. పెద్దకోడలి తాతగారు, దణ్ణం పెట్టుకోమంది. పెట్టాను. తల ఎత్తి చూస్తే అప్ప పక్కన నిలబడి ఉంది. నవ్వలేదు, ఏమీ అనలేదు. అయినా నేను ఆ దణ్ణం ఆమెకే పెట్టినట్టు అనిపించింది. ఆ రోజు నా ఒంట్లో పడిన నిప్పురవ్వ మళ్ళీ ఆరలేదు.

డబ్బు చూసి ఏడ్చానని అనుకోకండి. నేను వచ్చేనాటికే వాళ్ళ కుటుంబం తోటలన్నీ చేతులు మారిపోయాయి. అన్నదమ్ములు విశాఖపట్నం చేరారు. అప్ప కూడా నాలాగే కట్టెలు మోసింది, నాలాగే పేడ ఎత్తింది. ఆమె మెడలో నగలుంటే నాకు ఇంత మంట ఉండేది కాదేమో. ఆమెకు ఒక తాత ఉన్నాడు. ఎండకీ వానకీ నిలబడి ఉన్నాడు. ఊరు వచ్చినవాడల్లా ఆయన్ని చూసి గాని లోపలికి అడుగుపెట్టడు. మా తాతకు ఒక ఫోటో అయినా లేదు. ఆయన ముఖం ఎలా ఉండేదో మా నాయనమ్మ మాటల్లోనే తెలుసు, చెవులు పెద్దవట, ఎడమ కన్ను కొంచెం చిన్నదట.

ఆ పెద్దాయన పోయిన రోజుకు ఏటా పూలదండ వేసేవారు. దిమ్మె ఎత్తు కాబట్టి మా ఇంట్లోని ఎత్తుపీట తీసుకెళ్ళాలి. దండ వేసేది మనవరాలు. పీట పట్టుకునేది నేను. అప్ప పట్టుచీర కట్టుకుని పీట ఎక్కేది, బడిపిల్లలు చప్పట్లు కొట్టేవారు, మాస్టారు నాలుగు మాటలు చెప్పేవారు. నేను మాత్రం వంగి, పీట రెండు కోళ్ళూ పట్టుకుని, ఆమె మడమలు చూస్తూ ఉండేదాన్ని. ఆమె మడమల పగుళ్ళు నాకు నోటికి వచ్చు. దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి ఏటా ఒకటే మాట అనేది, పడిపోతానేమో అని భయమేసింది పిల్లా అని. పడితే బాగుండునని ఏ ఏడూ అనుకోలేదని చెప్పలేను.

పిల్లలు కాస్త ఎదిగాక నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. పొట్టు తీసే పని. పొడుగాటి బల్లకు అటూ ఇటూ ఇరవై మంది ఆడవాళ్ళం కూర్చుంటాం. చేతులు పప్పు మీద ఉంటాయి, నోరు ఖాళీ. నాకు చదువు నాలుగో తరగతితో సరి గాని, విన్నది మరచిపోను. మా నాయనమ్మ చెప్పిన కథలన్నీ ఆ బల్ల దగ్గర చెప్పేదాన్ని. ఒక రోజు కొత్తగా చేరిన ఒకామె, మీది విగ్రహం వారి ఇల్లే కదా అని మురిసిపోతూ అడిగింది. ఆ మురిపెం చూసి నాకు ఒళ్ళు మండింది. అనేశాను.

"ఆ విగ్రహం పెద్దాయనే మా తాతని కొబ్బరిసెట్టుకి కట్టించినాడు. మద్దేన్నం నుంచి పొద్దు గూకీదాకా."

బల్ల చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. నేను చెప్పిన ఏ కథకూ అంతవరకు చేతులు ఆగలేదు.

అది అబద్ధం. పూర్తిగా కాదు. అందుకే అంత బాగా అతికింది.

మా నాయనమ్మ చెప్పినది ఇదీ. మా తాత ఆ పెద్దాయన కొబ్బరితోటలో పాలేరు. ఒక వేసవిలో ఒక కూలివాడు రాలిన కాయలు మూడు పంచెలో చుట్టుకుని వెళ్తూ దొరికాడు. ఇంట్లో భార్య బాలింత. పెద్దాయన వాణ్ణి చెట్టుకి కట్టమన్నాడు. కట్టమన్నది మా తాతను. మా తాత తాడు వదులుగా చుట్టాడు. పెద్దాయన వచ్చి తాడు కింద కర్ర దూర్చి చూసి, కట్టడమంటే ఇదేనా అని అడిగాడు. మా తాత విప్పి మళ్ళీ కట్టాడు, ఈసారి గట్టిగా. పొద్దు గూకాక తనే విప్పాడు. ఆ కూలివాడి కుటుంబం ఆ యేడే బర్మాకు, రంగం వెళ్ళే ఓడ ఎక్కింది, వాళ్ళ కబురు మళ్ళీ ఎవరికీ తెలియలేదు. మా తాత ఆ రోజు నుంచి కొబ్బరి ముట్టలేదు. ఇంట్లో వాళ్ళనీ ముట్టనివ్వలేదు. దేవుడికి కొట్టిన చెక్కలు కూడా పక్కింటికి ఇచ్చేసేవాళ్ళం.

కొబ్బరితోటల ఉద్దానంలో పుట్టి కొబ్బరి తినని ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది. ఇక్కడ బీరకాయలో కొబ్బరి, దోసకాయలో కొబ్బరి, పచ్చడంటే కొబ్బరి. నేను కాపురానికి వచ్చి కొబ్బరి తిననని చెప్తే ఇంటిల్లిపాదీ నవ్వారు. ఏదో మొక్కు అనుకున్నారు. ఏరుకుని తినమంది మా అత్త. కొన్నేళ్ళు అలాగే కూరలో కొబ్బరికోరు ఏరుకుంటూ తిన్నాను.

నేను ఫ్యాక్టరీకి వెళ్తాను కాబట్టి మా ఇంట్లో వంట అప్పదే. అత్త పోయాక కూడా పొయ్యి విడదీయలేదు. ఫ్యాక్టరీలో చేరిన రెండో ఏడో మూడో ఏడో, ఒక సాయంత్రం వచ్చి చూస్తే నా కూర విడిగా ఒక చిన్న మూతగిన్నెలో ఉంది. కొబ్బరి వేయకముందే తీసిపెట్టింది. అడిగితే ఏరుకోవడం ఎందుకులే అంది. నాకు మాత్రం అది మరోలా తగిలింది. అందరికీ ఒక గిన్నె, నాకు ఒక గిన్నె. పనిమనిషికి పెట్టినట్టు. ఆ గిన్నె చూసినప్పుడల్లా ఫ్యాక్టరీలో ఆ కథ ఇంకో నలుగురికి చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా మా తాత వీపు మీద తాడు చారలు కూడా వచ్చేశాయి. అవి నేను కళ్ళారా చూసినట్టే చెప్పేదాన్ని.

కొన్నేళ్ళ కిందట పెద్ద తుఫాను వచ్చి మా ఊరి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు, విగ్రహం చేతిలో కర్ర ఒక్కటే విరిగింది. సెట్లన్నీ పోనాయి గాని మా తాత నిలబడ్డాడు అని అప్ప వచ్చినవాళ్ళందరితోనూ చెప్పుకుంది. కూలిన చెట్ల మధ్య నిలబడి నేను ఆ మాట విన్నాను. చెట్లు పోయిన దుఃఖం కన్నా ఆ మాటే ఎక్కువ మండింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

తరవాత బడికి కొత్త గోడ, కొత్త గేటు కట్టడానికి కొలతలు తీశారు. విగ్రహం గేటుకి అడ్డం వస్తుందన్నారు. కాస్త జరిపి పెడదామా అన్న మాట దగ్గర మొదలై, అసలు పెట్టాలా అన్న చోటికి వచ్చింది. టెక్కలిలో డిగ్రీ చదువుతున్న మా వీధి అమ్మాయి ఒకతె, ఆమెతో పదిమంది, మనుషుల్ని చెట్టుకి కట్టించినవాడికి పిల్లల చేత ఎందుకు దణ్ణం పెట్టిస్తున్నారని అడిగారు. పెద్దవాళ్ళు కోప్పడ్డారు. బావి తవ్వించింది ఆయన, బడికి స్థలం ఇచ్చింది ఆయన అన్నారు. టీకొట్టు దగ్గర రోజూ ఇదే గొడవ. ఒక ముసలాయన, నువ్వు అచ్చరం ముక్క నేర్సుకున్నది ఆయన తలంలోనే కదే అని ఆ అమ్మాయిని దెప్పాడు.

"అది ఆయనకి ముందల ఎవులి తలమో అది కూడా సెప్పు తాతా" అంది ఆ పిల్ల.

చివరకు పంచాయతీ వాళ్ళు అందరినీ కూర్చోబెట్టి తేలుస్తామన్నారు. దానికి రెండు రోజుల ముందు ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అప్ప గుమ్మం దాటుకుని నా గుమ్మానికి వచ్చింది. ఆ సంగతి నేను బాగా గమనించాను. విగ్రహం చూడడానికి వచ్చినవాళ్ళు అప్పను అడిగేవారు గాని, నా కోసం ఎవరూ రాలేదు అంతవరకు.

"మామ్మా, కట్టించినాడు కట్టించినాడు అంటన్నారు గాని సాచ్చికం సెప్పీవోలు ఎవులూ నేరు. నీ కత ఒక్కటే ఉన్నాది. మీ తాతదే కదా. నువ్వు నిలబడి సెప్తే సాలు."

నిజం చెప్పడానికి అదే సమయం. టీ కాచాను, బిస్కెట్లు పెట్టాను, చెప్పలేదు. వస్తానన్నాను. ఆమె వెళ్ళాక అద్దంలో చూసుకుని ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించాను.

ఆదివారం పొద్దున్న తుఫాను షెల్టర్ మేడ మీద హాల్లో సమావేశం. ముందువరసలో నాకు కుర్చీ వేశారు. అప్ప వెనకాల, మెట్ల దగ్గర, ఆడవాళ్ళతో నేల మీద కూర్చుంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆమె కింద, నేను పైన. సర్పంచి నన్ను చెప్పమన్నాడు. నేను చెప్పాను. చెప్పడం నాకు చేతనవును కదా. ఎండ చెప్పాను, రాలిన మూడు కాయలు చెప్పాను, పంచెలో చుట్టుకోవడం చెప్పాను. తాడు కింద కర్ర దూర్చి చూడడం చెప్పాను. ఆ కూలివాడున్న చోటల్లా మా తాతను పెట్టాను. కట్టిన చేతులు ఎవరివో చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. సముద్రం హోరు వినిపించింది. టీకొట్టు దగ్గర ఆ అమ్మాయిని దెప్పిన ముసలాయన తల దించుకున్నాడు. నేను ఒక మనిషిని దిమ్మె మీద నుంచి దించుతున్నాను, నా చేతులతో, అనుకున్నాను.

అప్పుడు అప్ప లేచింది.

"ఆ యమ్మ సెప్పింది నిజమే" అంది. "ఇరవై ఏళ్ళుగా నాకు తెలుసు. ఫేక్టరీకి ఎల్లే ఆడోలు నాకు సెప్పినారు. ఆ యమ్మ కొబ్బరి ఏల తినదో అప్పుడు తెలిసింది. అప్పట్నుంచీ కొబ్బరి ఎయ్యక ముందల ఆ యమ్మకి కూర తీసి ఏరేగా ఎట్టినాను. మా తాత సేసినదానికి నా సేత అయినాది అదొక్కటే. తీసీయండి బాబూ. నాకేటీ కోపం నేదు."

అందరూ వెనక్కి తిరిగారు. అందరి కళ్ళూ ఆమె మీదకు వెళ్ళిపోయాయి. సర్పంచి రెండు చేతులూ జోడించి, అమ్మా నీ మనసు గొప్పది అన్నాడు. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. ఆ డిగ్రీ అమ్మాయి కూడా నన్ను వదిలి ఆమె దగ్గరకు వెళ్ళి చెయ్యి పట్టుకుంది. నేను ముందువరస కుర్చీలో, ఎవరికీ పట్టకుండా, మళ్ళీ పీట పట్టుకున్నట్టే ఉన్నాను.

ఆ మూతగిన్నె సంగతి తెలిసి నా గుండె కరిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కరిగింది, కానీ తరవాత. ఆ క్షణాన నాకు తెలిసింది ఒకటే, తాత పోతున్నా సరే, ఈమె మళ్ళీ నా కన్నా ఎత్తున నిలబడింది. అదీ నా అబద్ధం మీద ఎక్కి నిలబడింది. అది భరించలేకపోయాను.

"కూకో అప్పా" అన్నాను, లేచి. "మా తాతని ఎవులూ కట్టనేదు. కట్టినోడే మా తాత."

ఎవరికీ మొదట అర్థం కాలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, ఈసారి మా నాయనమ్మ చెప్పినట్టు. వదులుగా కట్టడం, విప్పి గట్టిగా కట్టడం, రంగం వెళ్ళిపోయిన మనుషులు, మా ఇంటి కొబ్బరి. నా నోట్లో అంత బాగా నలిగిన కథ ఆ రోజు ముక్కలు ముక్కలుగా వచ్చింది. అప్ప నిలబడే ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను. పెద్దవాళ్ళలో గోల మొదలైంది, అయితే ఇన్నాళ్ళూ చెప్పిందంతా అబద్ధమే, విగ్రహాన్ని ముట్టుకోవడానికి వీల్లేదని. ఆ గోలలోనే ఆ పిల్ల లేచింది. నా వైపు చూడకుండా మాట్లాడింది.

"కట్టించుకున్నోడు ఈల తాత కాపోతే ఇంకొకలు. కట్టినోడు ఎవులైతే ఏటి. కట్టమన్నోడు మాత్రం ఆ దిమ్మ మీదోడే కదా."

ఏం చేయమంటావని అప్పను అడిగారు. నాను సెప్పిన మాట సెప్పిందే అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. చివరకు పగలగొట్టకూడదు, బడి ముందు ఉండకూడదు, కుటుంబానికి అప్పగించాలి అని తీర్మానం రాశారు. విశాఖపట్నంలో ఉన్న అన్నదమ్ములకు ఫోన్ చేస్తే అపార్ట్‌మెంట్లో ఎక్కడ పెట్టుకుంటామన్నారు.

అప్ప ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఎనిమిది రోజులూ మూతగిన్నె లేదు. కూరలో కొబ్బరి ఉంది. పూర్వంలాగే ఏరుకుని తిన్నాను. ఒక్కో కోరు ముక్కా ఏరి పళ్ళెం అంచున పెడుతుంటే అప్పుడు కరిగింది గుండె. ఇరవై ఏళ్ళు రోజూ, వాళ్ళ తాత మీద నేను మోపిన నేరానికి, నోరెత్తకుండా ఆమె బదులు చెల్లించింది. నేను దాన్ని పనిమనిషి గిన్నె అనుకున్నాను.

తొమ్మిదో రోజు జేసీబీ వచ్చింది. గొలుసు వేసి ఎత్తితే విగ్రహం చీలమండల దగ్గర విరిగింది. పాదాలు, చెప్పులతో సహా, దిమ్మె మీదే ఉండిపోయాయి. మిగిలినదాన్ని ట్రాక్టర్లో తెచ్చి మా పెరట్లో దించారు. అప్పే దించమంది. పెరడు ఇద్దరిదీ, అయినా నేను కాదనలేదు. పాదాలు లేని విగ్రహం నిలబడదు కదా. నూతి పక్కన తుఫానుకు మిగిలిన కొబ్బరిచెట్టు ఒకటుంది. మగవాళ్ళు దాన్ని ఆ చెట్టుకి చేరవేసి, భోజనాలకని వెళ్ళిపోయారు. గాలికి అది కదులుతోంది. కోళ్ళు బెదిరి దూరం పోయాయి.

అప్ప ఇంట్లోంచి నూతి తాడు తెచ్చి నా చేతికిచ్చింది. ఎనిమిది రోజుల తరవాత మొదటి మాట అదే.

"నాను కట్నేను. నువ్వు కట్టు."

రెండు చుట్లు చుట్టి ముడి వేశాను. అప్ప దగ్గరకు వచ్చి తాడు కింద వేలు దూర్చి చూసింది.

"వొదులుగా ఉన్నాది. సముద్రం గాలికి ఆగదు. గట్టిగా కట్టు పిల్లా."

నా చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆమె చేతులూ ఆగాయి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. విప్పి, చెట్టుకి మోకాలు అదిమిపెట్టి, మళ్ళీ కట్టాను. గట్టిగానే కట్టాను.

మధ్యాహ్నం పెరటి అరుగు మీద భోజనానికి కూర్చుంటే పళ్ళెం పక్కన మూతగిన్నె ఉంది. బీరకాయ కూర, కొబ్బరి లేకుండా. నేను ముట్టుకోకుండా చాలాసేపు చూశాను.

"ఇంకా ఏల తీసి ఎట్టినావప్పా? నాది అబద్దమని తెలిసిపోనాది కదా."

అప్ప విగ్రహం వైపు వీపు పెట్టి కూర్చుంది. అన్నం కలుపుతూ, తలెత్తకుండా అంది.

"మీ తాత కట్టినాడు. కట్టి, ఆ దినం నుంచి కొబ్బరి మానీసినాడు. మా తాత సచ్చీదాకా పొద్దున్నే లేసి ఓ బొండం తాగినాడే. నాను సిన్నప్పుడు నా సేతుల్తోనే అందించినాను." ఒక ముద్ద మింగింది. "సెప్పుకోడానికి నీకైతే ఓ తాత ఉన్నాడు. నాకు ఉన్నది అదుగో, సెట్టుకి."

ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళు నేను మోసిన సరుకే అది, ఎక్కడ చూసినా పోల్చుకోగలను. ఆ మాట విని నేను జాలిపడాలి. ఆమె చెయ్యి పట్టుకోవాలి. ఆ పనులన్నీ తరవాత చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. కానీ ఆ పూట మాత్రం, అప్ప నన్ను చూసి ఓర్వలేకపోయిన ఆ ఒక్క పూట, ఆ చిన్న గిన్నె ఊడ్చుకుని మారు అన్నం పెట్టించుకుని మరీ తిన్నాను.